ఏవ్‌బరీలో నాయినతో రెండు రోజులు

మన ఇళ్ళ నుంచి ఎవరైనా ఇంగ్లండ్ వస్తే ముందు బుక్ చేసేది స్టోన్‌హెంజ్, వేల ఏళ్ళ నాటి నిలువురాళ్ళ వలయం. రెండేళ్ళ కిందట అమ్మ వచ్చినప్పుడు నేనూ అదే చేశాను. టికెట్, షటిల్ బస్సు, తాడుకు ఇవతల నిలబడి ఫోటోలు, గంటన్నరలో పని అయిపోయింది. "దగ్గరికి పోనియ్యరా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అప్పుడు చేను పనులున్నాయని రాని నాయిన మొన్న ఏప్రిల్‌లో వచ్చాడు. ఈసారి స్టోన్‌హెంజ్ జోలికి పోకుండా, అదే విల్ట్‌షర్ కౌంటీలో ఇంకో రాతి వలయం ఉన్న ఏవ్‌బరీ అనే ఊరికి తీసుకెళ్ళాను.

రెడింగ్ నుంచి స్విండన్‌కి రైల్లో అరగంట. అక్కడి నుంచి డివైజెస్ వైపు వెళ్ళే 49 నంబరు బస్సు ఎక్కితే సరిగ్గా రాళ్ళ మధ్యలో దింపుతుంది. మేం వెళ్ళినప్పుడు టికెట్ 3 పౌండ్లు. కారులో వెళ్తే ఊరి బయట పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. రాళ్ళు చూడ్డానికి మాత్రం టికెట్ లేదు, గేటు లేదు.

ఇక్కడ ఊరి పక్కన రాళ్ళు ఉండటం కాదు, రాళ్ళ మధ్యలోనే ఊరు ఉంది. నాలుగు వందల మీటర్లకు పైగా వెడల్పున్న పెద్ద మట్టికట్ట, దాని లోపలి వైపు కందకం, ఆ కందకం అంచున రాళ్ళ వలయం. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద రాతి వలయం లేదంటారు. వయసు నాలుగున్నర వేల ఏళ్ళ పైమాటే. మధ్యలోంచి తారు రోడ్డు, రోడ్డు పక్కన పబ్బు, గడ్డి కప్పుల ఇళ్ళు, మేస్తున్న గొర్రెలు. కందకం మొదట్లో తొమ్మిది మీటర్ల లోతు ఉండేదట, సుద్దనేలను జింక కొమ్ములతో తవ్వారట. నాయిన కట్ట ఎక్కి చాలాసేపు కిందికి చూశాడు. "గీ మట్టి ఎత్తనీకి ఎంతమంది కూలోళ్ళు పట్టిన్రో" అన్నాడు.

రాళ్ళలో చాలావాటిని ఊరివాళ్ళే పగలగొట్టారు. 17, 18 శతాబ్దాల్లో రాయి కింద గొయ్యి తీసి, గడ్డి వేసి కాల్చి, వేడెక్కాక చల్లనీళ్ళు పోసి, సమ్మెటతో కొట్టేవాళ్ళు. ఆ ముక్కలతో ఇళ్ళు కట్టుకున్నారు. ఈ సంగతి చదివి చెప్తుంటే నాయిన మధ్యలోనే అందుకున్నాడు. మా దిక్కు వడ్డెరోళ్ళు కూడా బండ మీద మంటపెట్టే పలకలు లేపుతారని, చిన్నప్పుడు తను కట్టెలు మోశానని చెప్పాడు. మా ఊరు ముడుమాల్‌కు దగ్గరే. కృష్ణ ఒడ్డున అక్కడ కూడా నిలువురాళ్ళు ఉన్నాయి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. చిన్నప్పటి నుంచీ వాటిని చూసినవాడికి ఇక్కడ గైడ్ అక్కర్లేదు. నేరుగా వెళ్ళి రాయి మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

అలా పోయిన రాళ్ళలో కొన్నిటిని 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే ఆయన మళ్ళీ నిలబెట్టించాడు. మార్మలేడ్ (నారింజ తొక్కల జామ్) వ్యాపారం చేసిన కుటుంబం, ఆ డబ్బుతో ఇక్కడి భూమి కొన్నాడు. రాయి దొరకని చోట గుర్తుగా చిన్న కాంక్రీటు దిమ్మె పెట్టించాడు. 1938లో ఒక రాయి కింద తవ్వితే 14వ శతాబ్దపు మనిషి అస్థిపంజరం, పక్కనే కత్తెర, వెండి నాణేలు దొరికాయి. రాయిని పూడుస్తుంటే మీద పడి చచ్చిపోయాడని కొందరు, అప్పటికే చనిపోతే అక్కడ పూడ్చారని ఇంకొందరు. "రాళ్ళ జోలికి పోతే గంతే" అని నాయిన తీర్పు.

ఇక నడకలు. ఇక్కడి నడకదారులు చూపించే ఎక్స్‌ప్లోరర్ 157 మ్యాప్ కొనుక్కున్నాను. ఫోన్ ఉందిగా అనుకోకండి, సిగ్నల్ మాకు చాలాచోట్ల దొరకలేదు. మొదటిరోజు మధ్యాహ్నం దక్షిణంగా కెన్నెట్ వాగు పక్కన నడిచి వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో అనే పాత సమాధి దిబ్బ దాకా వెళ్ళాం, రానూపోనూ ఐదు కిలోమీటర్లు అటూఇటూ. దారిలో కుడివైపు సిల్బరీ హిల్ కనిపిస్తుంది. 39 మీటర్ల ఎత్తు గుట్ట, మొత్తం మనుషులు పోసిన సుద్దమన్నే. ఎక్కనివ్వరు, చూసి ముందుకు పోవడమే. వాన పడ్డ మర్నాడు వాగు పక్క దారి బురద. సుద్ద బురద మామూలు బురద కాదు, బూటుకి పిండిలా అంటుకుని, గడ్డి మీదికి రాగానే సబ్బులా జారుతుంది. నాయిన స్పోర్ట్స్ షూతో రెండుసార్లు జారాడు. తప్పు నాదే, బూట్లు కొనిపెట్టి ఉండాల్సింది. అంతకంటే టెన్షన్ ఎ4 రోడ్డు దాటేటప్పుడు. కార్లు దూసుకొస్తుంటాయి, మేం దాటినచోట సిగ్నల్ లైటు లేదు. పిల్లలుంటే చెయ్యి వదలకండి.

రోడ్డు దాటాక దారి పొలం అడ్డంగా పైకి వెళ్తుంది. నాయిన అక్కడ ఆగిపోయాడు. "ఎవల చేను బిడ్డా ఇది? తొక్కుకుంట పోతే ఊకుంటరా?" ఊరుకోవాల్సిందే, ఇది అందరూ నడిచే హక్కున్న దారి. దున్నినా సరే రైతు పద్నాలుగు రోజుల్లోపు దారిని మళ్ళీ సరిచెయ్యాలి, కనీసం మీటరు వెడల్పు వదలాలి. పసుపు బాణం గుర్తుంటే నడకదారి, నీలం గుర్తుంటే గుర్రాలూ వెళ్ళొచ్చు. ఊళ్ళో మా చేను గట్టు పంచాయతీ పదకొండేళ్ళు నడిచింది. అందుకే నాయిన ఈ మాట నమ్మడానికి పైదాకా ఎక్కాల్సి వచ్చింది.

పైన ఉన్నది దాదాపు 5,600 ఏళ్ళ నాటి సమాధి, వంద మీటర్ల పొడవు దిబ్బ. ముందు పెద్ద రాళ్ళు అడ్డం పెట్టి ఉంటాయి. పక్కనుంచి లోపలికి వెళ్తే ఐదు చిన్న గదులు. 1950లలో తవ్వకాలు జరిగాయి, కనీసం 36 మంది ఎముకలు దొరికాయి. లోపల చీకటి, చల్లగా ఉంటుంది, టార్చ్ పనికొస్తుంది. మేం వెళ్ళేసరికి ఎవరో పూలు, కొవ్వొత్తి పెట్టి పోయారు. నాయిన షూ విప్పాలా అని అడిగాడు. ఆయన అడిగాక నాకూ అదే అనిపించింది.

రెండో రోజు వలయం లోంచే తూర్పుగా వెళ్ళే పాత బండిబాట పట్టుకుని రిడ్జ్‌వే దాకా ఎక్కాం. రిడ్జ్‌వే 139 కిలోమీటర్ల కాలిబాట, దగ్గర్లోని ఓవర్టన్ హిల్ దగ్గరే మొదలవుతుంది. దాని అవతల ఫైఫీల్డ్ డౌన్ అనే గడ్డినేల, ఏ మ్యూజియంలోనూ లేని అందం. గడ్డి మీద వేల బూడిదరంగు రాళ్ళు పడి ఉంటాయి. దూరం నుంచి గొర్రెల్లా కనిపిస్తాయని వాటికి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు కూడా విత్తులు కొట్టిన గొర్రెపోతులనే. వెతగ్గా వెతగ్గా ఒక నూరుడురాయి దొరికింది. రాతి గొడ్డళ్ళు అరగదీయగా పడ్డ గాడులు అందులో వరసగా ఉన్నాయి. వేలు పెడితే అద్దంలా నున్నగా జారుతుంది. నాకు రెండు నడకల్లో ఇదే నచ్చింది, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మొదటిదే మంచిది.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాను. ఏవ్‌బరీలో గదులు తక్కువ, పక్క ఊళ్ళో ఒక బీ అండ్ బీ (గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే ఇల్లు) తీసుకున్నాను, రాత్రికి 110 పౌండ్లు. అటాచ్డ్ బాత్రూమ్ అని రాశారు, తీరా చూస్తే వరండా చివర ఉంది. నిచ్చెనలాంటి మెట్లు, రాత్రి తొమ్మిదికే హీటర్ బంద్. పొద్దున టిఫిన్‌లో పుట్టగొడుగులు, గుడ్లు, టోస్ట్ బాగానే పెట్టారు, టీ ఒక్కటే నాయిన భాషలో "కడుగునీళ్ళు". రెండో రాత్రి దగ్గర్లోని మార్ల్‌బరో ఊళ్ళో మామూలు హోటల్‌కి మారాం. లిఫ్ట్ ఉంది, గది వెచ్చగా ఉంది, 20 పౌండ్లు తక్కువ కూడా. టాక్సీ ఖర్చు కలిపినా పెద్దవాళ్ళతో వెళ్తే అదే నయం.

తిండికి శాకాహారులు మరీ బెంగపడక్కర్లేదు, కానీ నడక దారిలో ఏమీ దొరకదు, టాయిలెట్ కూడా ఊళ్ళోనే. మేం చపాతీలు, పల్లీల పొడి పట్టుకెళ్ళాం. సాయంత్రం బస్సులు త్వరగానే ఆగిపోతాయి, టైమ్ చూసుకుని తిరగండి.

బస్‌స్టాప్‌లో కూర్చున్నాక అమ్మకి వీడియో కాల్ చేశాడు నాయిన. అమ్మ మొదటి ప్రశ్న మళ్ళీ అదే: "ఈడనన్న ముట్టనిచ్చిన్రా?"

"ముట్టుడేంది, ఆనుకొని కూసొని రొట్టె తిన్నం" అన్నాడు.