పాత మోటార్‌హోమ్ సీట్ల వాసన పోగొట్టడానికి కుషన్ క్లీనర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మేం కొన్న సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్‌లో (పడక, సింక్, షవర్ లోపలే ఉండే బండి) సిగరెట్ పొగ, కుక్క, చెమ్మ, ఈ మూడింటి వాసనా కలిసి ఉండేది. సీట్ల గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది, రంగు కూడా పోలేదు. అంత మంచి గుడ్డ తీసి పారేయడం ఇష్టం లేక, నీళ్లు చిమ్మి వెంటనే పీల్చేసే చిన్న కుషన్ క్లీనింగ్ మెషీన్ తీసుకున్నాం. ఇప్పటికి కొన్నేళ్లుగా వాడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: ఇది తప్పకుండా కొనదగ్గ వస్తువే, కానీ సగం పని మాత్రమే చేస్తుంది. మిగతా సగం ఆరబెట్టడంలోనూ, వాసన అసలు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడంలోనూ ఉంది.

మెషీన్‌కి రెండు ట్యాంకులు. ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా షాంపూ పోస్తాం. రెండోదాంట్లోకి మురికి చేరుతుంది. చేత్తో పట్టుకునే మూతి పారదర్శకంగా ఉండటం నాకు బాగా నచ్చింది. పైకి శుభ్రంగా కనిపించిన సోఫా నుంచి మొదట వచ్చిన నీళ్లు చిక్కటి డికాక్షన్‌లా ఉన్నాయి. ఆ రంగు తేలిపోయేదాకా అక్కడే పని చేస్తాను. ఒక్కసారి తడిపితే, నీళ్లు చిమ్మకుండా రెండు మూడుసార్లు మెల్లగా లాగి పీలుస్తాను. తొందరపడి మూతిని జర్రున లాగితే తడి లోపలే ఉండిపోతుంది.

ఆ తడే పెద్ద టెన్షన్. గుడ్డ కింద ఉండేది ఫోమ్. లోతుగా దిగిన నీళ్లని ఇంత చిన్న మోటారు పూర్తిగా బయటికి లాగలేదు. తడిసినదేదైనా 24 నుంచి 48 గంటల్లోపు ఆరకపోతే బూజు పట్టే అవకాశం ఉంటుంది. అందుకే కవర్‌కి జిప్ ఉంటే విప్పి, కవర్‌ని వేరుగా, ఫోమ్‌ని వేరుగా ఆరబెడతాను. కుషన్లని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఫ్యాన్ గాలి రెండు వైపులా తగిలేలా పెడతాను. బయట ముసురు పట్టి ఉంటే కిటికీలు తెరిచినా లాభం లేదు, బయటి తేమే లోపలికొస్తుంది. అలాంటప్పుడు అన్నీ మూసి, గాలిలో తేమని లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టడం మేలు. ఎండ కాసే రోజు చూసుకుని మొదలుపెట్టడం ఇంకా మేలు.

మొదలుపెట్టేముందు కుషన్ లేబుల్ చూడండి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో కడగొచ్చు. ఎస్ అంటే సాల్వెంట్ మాత్రమే, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దని. లేబుల్ లేకపోతే కనపడని మూల కొంచెం తడిపి, ఆరాక రంగు చూసుకోవాలి.

కుక్క మూత్రం విషయంలో ఈ మెషీన్ ఒక్కటే సరిపోదు. షాంపూతో కడిగాక వాసన పోయినట్టే ఉంటుంది, గాలిలో తేమ పెరగ్గానే మళ్లీ గుప్పుమంటుంది. మూత్రంలోని కొన్ని పదార్థాలు లోపలే మిగిలిపోవడమే కారణం. చీకట్లో అతినీలలోహిత టార్చ్ వేస్తే మరకలు మెరుస్తాయి. మా డైనింగ్ సీటు పక్క అంచు మీద పై నుంచి కిందికి కారిన చార కనిపించింది, పగటి వెలుతురులో అక్కడ ఏమీ లేదు. అలాంటి చోట ఎంజైమ్ క్లీనర్, అంటే వాసన పుట్టించే పదార్థాల్ని విడగొట్టే ద్రవం, వాడాలి. మూత్రం ఎంత లోతుకి దిగిందో ఆ ద్రవం కూడా అంత లోతుకి దిగాలి, డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉండాలి. మరిగే నీళ్లు గానీ క్రిమినాశిని గానీ తగిలితే ఎంజైమ్ చచ్చుబడిపోతుంది. రెండు సీట్లు దీంతో పూర్తిగా బాగుపడ్డాయి. ఆ చార ఉన్న సీటు ఎంతకీ లొంగలేదు. దానికి కొత్త ఫోమ్ కోయించి పాత కవరే తొడిగాం. ఫోమ్ పూర్తిగా పాడైతే క్లీనర్ల మీద డబ్బు పెట్టడం దండగ.

చెమ్మ వాసనకైతే సీటుతో సంబంధమే ఉండకపోవచ్చు. కుషన్ ఎత్తి దాని కింది ప్లైవుడ్ పెట్టె మూలల్ని తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్‌తో చూడండి. మా బండిలో కిటికీ సీలు సందులోంచి నీళ్లు దిగుతున్నాయి. సీలు మార్చి చెక్క ఆరాకే ఆ ముక్కవాసన వదిలింది. పరుపు కింద గాలి ఆడే జాలీ పరిచాక అక్కడ నీరు పట్టడం కూడా తగ్గింది. ఇంకో మాట: సింక్, షవర్ కింది వంపు గొట్టంలో నీళ్లు ఎండిపోతే బండి మురికినీళ్ల ట్యాంక్ కంపు లోపలికొస్తుంది. సీట్లు కడిగేముందు అక్కడ కాసిని నీళ్లు పోసి చూడండి.

పొగ వాసనకి కర్టెన్లు ఉతకాలి, గోడలు, అల్మరా తలుపులు తుడవాలి, డ్రైవర్ క్యాబిన్ ఏసీ ఫిల్టర్ మార్చాలి. సీలింగ్ గుడ్డని మాత్రం ఈ మెషీన్‌తో తడపకండి, జిగురు ఊడి జారిపోతుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో అద్దితే చాలు. ముందు సీట్లలో హీటర్ వైర్లు, ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు కాబట్టి అక్కడా నీళ్లు తక్కువే. సీట్ బెల్టులకి బ్లీచ్ తగలనివ్వకండి, పట్టీ బలం తగ్గుతుంది.

వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే మెషీన్ కూడా అద్దెకి తెచ్చి చూశాం. నేనైతే వద్దంటాను. ఓజోన్ ఊపిరితిత్తులకి హాని చేస్తుంది, అది నడిచేటప్పుడు లోపల మనుషులు, జంతువులు ఉండకూడదు. రబ్బరు సీళ్లనీ పాడు చేస్తుంది. ఇంత చేసీ ఫోమ్ లోపలి వాసన అలాగే ఉంది.

క్లీనింగ్ మెషీన్ లోపాలు కూడా ఉన్నాయి. మోత ఎక్కువ. శుభ్రమైన నీళ్ల ట్యాంకు చిన్నది, ఒక్క సోఫాకే పదే పదే నింపాలి. కుట్ల దగ్గర, బొత్తాల గుంటల్లో సరిగా పీల్చదు. మెయిన్స్ కరెంటు కావాలి, బండి బ్యాటరీ మీద నడిపే ఆశ పెట్టుకోవద్దు. వాడిన ప్రతిసారీ మంచినీళ్లు పీల్పించి, గొట్టం వేలాడదీసి, మురికి ట్యాంకు మూత తెరిచి ఆరబెట్టాలి. లేకపోతే తర్వాతిసారి మెషీనే కంపు కొడుతుంది. ఈ శ్రద్ధ పెట్టగలిగితే కొనండి. ఒకటి రెండు కుషన్ల పనే అయితే అద్దెకి తెచ్చుకోవడం చాలు.