పాత ఇన్నోవా పవర్ స్టీరింగ్ ఆయిల్ లీకు: ఏ రిపేరు నిలిచింది, ఏది దండగ

2005లో మన దేశానికి వచ్చిన మొదటి తరం ఇన్నోవాలో స్టీరింగ్ అంతా ఆయిల్ వ్యవహారమే. బెల్టుతో తిరిగే పంపు, పైన ఆయిల్ డబ్బా, హోస్ పైపులు, కింద స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను మళ్లించే ర్యాక్. కరెంటు మోటారు లేదు. పోసేది డెక్స్రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఎర్రటి ఆయిల్). బండి పదేళ్లు దాటాక ఇందులో ఎక్కడో ఒకచోట చెమ్మ మొదలవుతుంది. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి మీద ఒక్కో రిపేరు ఎలా నిలిచిందో ఇక్కడ రాస్తున్నా.

షెడ్డుకి తీసుకెళ్తే వినపడే మొదటి మాట "ర్యాక్ పోయిందండీ". వెంటనే ఒప్పుకోవద్దు. ర్యాక్ అన్నిటికన్నా కింద ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ కారినా తడిసేది అదే.

ముందు కారుతున్నది ఏమిటో తేల్చుకోండి. టయోటా కూలెంట్ కూడా ఎరుపు, గులాబీ రంగుల్లో వస్తుంది, రంగు చూస్తే మోసపోతాం. గిన్నెలో నీళ్లు పోసి ఒక చుక్క వేయండి. కూలెంటైతే కలిసిపోతుంది, ఏటీఎఫ్ అయితే పైన తేలి రంగురంగుల పొర కడుతుంది. డీజిల్ ఇంజన్ ఆయిలైతే మసిలా నల్లగా ఉంటుంది.

తర్వాత కడగాలి. ఈ పని ఎగ్గొడితే మిగతాదంతా గుడ్డి లెక్కే. ఆల్టర్నేటర్‌కి పాలిథిన్ కవరు చుట్టి, పంపు, పైపులు, ర్యాక్ డీగ్రీజర్‌తో రుద్ది కడిగి ఆరనివ్వండి. ఆరాక అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు చల్లితే ఆయిల్ దారి గీతలా కనబడుతుంది. ఒకరు ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూడాలి. చివర్న అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు, అక్కడ ప్రెషరు బాగా పెరిగి ఆయిల్ కాగిపోతుంది. ఫ్యానుకి, బెల్టుకి చేతులు దూరంగా ఉంచండి.

పంపు పుల్లీ వెనకాల తడి ఉండి, చుట్టూ ఆయిల్ చిమ్మినట్టుంటే షాఫ్టు సీలు పోయినట్టు. పంపు నుంచి ర్యాక్‌కి ఒత్తిడితో ఆయిల్ తీసుకెళ్లే ప్రెషర్ పైపుదైతే రబ్బరూ ఇనుపగొట్టమూ కలిసే కాలర్ దగ్గర కారుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు అక్కడ పొడిగానే కనిపించొచ్చు, ఇంజన్ నడుస్తుండగా స్టీరింగ్ తిప్పితేనే బయటపడుతుంది.

ర్యాక్ సంగతి తేల్చేది బూటు, అంటే ర్యాక్ చివర్లను కప్పే రబ్బరు తొడుగు. చిన్న క్లిప్పు వదులు చేసి బూటు అంచు కాస్త వంచండి. లోపల్నుంచి ఎర్రటి ఆయిల్ ధారగా కారితే ర్యాక్ చివరి సీలు పోయింది. బయట తడిగా ఉండి లోపల పాత గ్రీజు మాత్రమే కనిపిస్తే ర్యాక్ సీలు జోలికి పోనక్కర్లేదు, పైన వెతకండి. కొన్ని ర్యాకుల్లో రెండు బూట్లనూ కలిపే గాలి గొట్టం ఉంటుంది, అందుకని కుడి సీలు పోతే ఎడమ బూటులోనూ ఆయిల్ చేరొచ్చు.

కింద చుక్క పడకపోయినా స్టీరింగ్ తిప్పితే పంపు మూలుగుతూ, డబ్బాలో నురగ కనిపిస్తోందా? డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపు దగ్గర గాలి పీలుస్తోంది. అక్కడి ఓ-రింగు (O ఆకారపు రబ్బరు సీలు) గట్టిపడి ఉంటుంది. వేసేది చిన్న రింగే, వదిలేస్తే మాత్రం పోయేది పంపు.

ఇక రిపేర్లు. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చింది ఆయిల్‌ని తిరిగి డబ్బాకి తెచ్చే రిటర్న్ పైపూ క్లిప్పులూ మార్చడం. స్ప్రింగు క్లిప్పులు ఏళ్లు గడిచాక పట్టు వదిలేస్తాయి. స్క్రూ క్లిప్పు వేస్తే అతిగా బిగించొద్దు, రబ్బరు కోసుకుపోతుంది. ఆయిల్‌కి తట్టుకునే పైపే అడిగి తీసుకోండి. నీళ్ల పైపు వేస్తే ఉబ్బి మెత్తబడి జారిపోతుంది.

ప్రెషర్ పైపుకి కంపెనీది ఖరీదు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల హైడ్రాలిక్ పైపులు చేసేవాళ్లు పాత చివరలకే కొత్త హోస్ వేసి ప్రెస్ చేసి ఇస్తారు, బాగానే నిలుస్తుంది. పొడవు, చివరల తిరుగుడు పాతదానిలాగే ఉండాలి, లేకపోతే వేడి సైలెన్సర్ గొట్టానికి రాసుకుంటుంది. ఏటీఎఫ్ దాని మీద పడితే పొగే కాదు, మంట కూడా లేవొచ్చు. జాయింటు బోల్టుకి రెండు వైపులా కొత్త వాషర్లు వేయించండి. పాతవి తిప్పి వేస్తే మళ్లీ అక్కడే చెమ్మ.

ర్యాక్ సీలు కిట్టు సగం మందికి ఎందుకు నిలవదంటే, అసలు తప్పు సీలుది కాదు. చిరిగిన బూటులోంచి నీళ్లు, మట్టి పోయి ర్యాక్ షాఫ్టు మీద తుప్పు గుంటలు పడతాయి. షాఫ్టు మీద గోరు గీసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కొత్త సీలునీ అది కోసేస్తుంది. ఎమెరీ కాగితం కొడితే మెరుస్తుందే గానీ గుంట పూడదు, ర్యాక్ మార్చాల్సిందే. ర్యాక్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ చివరలు విప్పేముందు మర చుట్లు లెక్కపెట్టి రాసుకోండి, తర్వాత అలైన్‌మెంట్ తప్పదు.

లీకు ఆపే సీసా మందు సీళ్లను కాస్త ఉబ్బిస్తుంది. గట్టిపడి చెమర్చే సీలుకి కొన్ని నెలలు గడువిస్తుంది, పగిలిన పైపుకి, గుంటల షాఫ్టుకి ఏమీ చేయదు. బ్రేక్ ఆయిల్ కలిపే చిట్కా మాత్రం దుర్మార్గం. వారంలో లీకు ఆగినట్టే ఉంటుంది, తర్వాత సీళ్లన్నీ మెత్తబడి ముద్దవుతాయి, ఒక సీలు బదులు మొత్తం కిట్టు పడుతుంది.

రిపేరు వాయిదా వేయాలంటే లెక్క ఉండాలి. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. పది నిమిషాలకో చుక్క పడితే రోజుకి 7 మిల్లీ, నెలకి 200 దాటుతుంది. డబ్బా చిన్నది, అంతవరకు ఆగితే పంపు ఎండిపోతుంది. డబ్బా మీద మార్కరుతో గీత పెట్టి వారానికోసారి చూడండి.

ఏది మార్చినా చివరికి గాలి తీయాలి. ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ని మెల్లగా ఇరవైసార్లు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఆయిల్ పోస్తూ ఉండండి. తర్వాతే స్టార్ట్ చేయాలి. నురగ కనిపిస్తే ఇంజన్ ఆపి గంటసేపు వదిలేయండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద లెవెల్ కోల్డ్ గీత దగ్గర నిలవాలి. హాట్ గీత దాకా పోస్తే వేడెక్కాక మూతలోంచి పొంగి, కొత్త లీకేమో అనిపిస్తుంది.