క్యాన్సర్ మాత్రల్లో వోరినోస్టాటా, టాజెమెటోస్టాటా?
ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది, రీలుకి దారం చుట్టినట్టు అదంతా హిస్టోన్లనే ప్రోటీన్లకి చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగిస్తే అక్కడి జన్యువు మూగబోతుంది. క్యాన్సర్ కణం కంత్రీ వేషం ఇక్కడే: జన్యువు అక్షరాల్ని ముట్టుకోకుండానే, తనని అదుపు చేసే జన్యువుల దగ్గర చుట్టు బిగించేస్తుంది.

ఆ బిగువు వదిలించడానికి వచ్చిన మాత్రల్లో వోరినోస్టాట్ పాతది, 2006లో చర్మానికొచ్చే టీ-సెల్ లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. చుట్టుని వదులుగా ఉంచే ఎసిటైల్ అనే రసాయన గుర్తుల్ని హిస్టోన్ మీంచి పీకేసే హెచ్‌డాక్ ఎంజైమ్‌లని ఆపుతుంది. చిక్కేంటంటే ఆ ఎంజైమ్‌లు ఒళ్లంతా ఉంటాయి, హిస్టోన్లు కాని ప్రోటీన్ల మీదా పనిచేస్తాయి, అందుకే విరేచనాలు, నీరసం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఆఖరికి నోటి రుచి మారిపోవడం కూడా.

2020లో అనుమతి పొందిన టాజెమెటోస్టాట్ గురి వేరు. ఈజెడ్‌హెచ్2 అనే ఎంజైమ్ హెచ్3 హిస్టోన్‌లో 27వ స్థానంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి మిథైల్ అనే ఇంకో రసాయన గుర్తు తగిలించి తాళం వేస్తుంది, ఈ మందు ఆ చేతినే పట్టుకుంటుంది. ఫాలిక్యులర్ లింఫోమా అనే ఇంకోరకం లింఫోమాలో, ఈజెడ్‌హెచ్2 జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో 69 శాతం మందికి గడ్డలు బాగా తగ్గాయి, మార్పు లేనివాళ్లలో అందులో దాదాపు సగమే, 35 శాతం మందికి. ఎపిథెలియాయిడ్ సార్కోమా అనే అరుదైన మెత్తటి కణజాల క్యాన్సర్‌లో మరీ తక్కువ, 15 శాతం. పైగా కొత్తగా మరో రక్త క్యాన్సర్ వచ్చే ముప్పూ ఉంది.

నన్నడిగితే రెండోదే నచ్చింది, ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో టెస్టు చేసి కాస్త ముందే చెప్పొచ్చు కాబట్టి. కానీ రెండూ ఒకే జబ్బుకి పోటీ మందులు కావు.