కథకు ఏ ఫోటో మేలు: పేరు తెలియనిదా, చరిత్రకెక్కినదా, ఇంట్లోదా?

ఫోటో చూసి కథ రాయాలనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: ఏ ఫోటో తీసుకోవాలి? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్యో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏ పాత పుస్తకంలోనో కనబడే ఊరూ పేరూ లేని స్టూడియో ఫోటో ఒకటి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసినవాటి లాంటి చరిత్రకెక్కిన ఫోటో ఇంకొకటి. మూడోది ఇంట్లో ఆల్బమ్.

చరిత్ర ఫోటోలు ఎవరినైనా ఆకర్షిస్తాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో దీన్‌దయాళ్ తీసిన వేటలు, దర్బార్లు చూస్తే బట్టల దగ్గర్నుంచి కుర్చీల దాకా వివరాలకు కొదవలేదు. అయితే చూపు నేరుగా నవాబు మీదకే పోతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఫోటోలతోనూ ఇదే ఇబ్బంది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని ఊళ్లో చాలామందికి తెలుసు. ఆ కూలిన గోడల ఫోటో మీద కథ రాస్తే ముగింపు ముందే తెలిసిపోతుంది, మనిషికన్నా వరదే పెద్దదైపోతుంది.

ఈ రకంలో ఒకటి మాత్రం నన్ను ఇప్పటికీ లాగుతుంది. 1892లో దీన్‌దయాళ్ పరదా స్త్రీల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరాయి మగవాడి కంట పడకూడని స్త్రీ తన ముఖాన్ని కాగితం మీదకు ఎక్కించుకుంది. మరి ఆ కాగితాన్ని ఎవరెవరికి చూపించింది? ఎక్కడ దాచింది?

అయినా నా ఓటు పేరు తెలియని స్టూడియో ఫోటోకే. నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే: ఆ ఫోటోలో ఎవరో ఒకరు ఏదో నిర్ణయం తీసుకున్నారా లేదా? అప్పట్లో ఫోటో అంటే డబ్బు ఖర్చు. అందుకే ఏ చీర కట్టుకోవాలి, స్టూడియోవాళ్ల కోటు వేసుకోవాలా, వాచీ కనబడేలా చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, అన్నీ ఆలోచించి చేసినవే. కథకు కావాల్సింది సరిగ్గా అదే.

నా దగ్గర ఒక ఫోటో ఉంది. రంగులేసిన తెర ముందు ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ మనిషిని ఎవరో కత్తెరతో కోసేశారు. ఆయన భుజం మీద గాజుల చెయ్యి మాత్రం మిగిలింది. కత్తెర ఆ మణికట్టు దగ్గర చాలా మెల్లగా తిరిగింది. కోపంతో కోసేవాళ్లు అంత జాగ్రత్తగా కోయరు. ఇక్కడ నిర్ణయాలు రెండు: ఫోటో దిగిన రోజుది ఒకటి, కత్తెర పట్టిన రోజుది ఇంకొకటి. ఆమె పోయాక, దండ వేయడానికి పెద్దది చేయించాలంటే ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోటోయే కావచ్చు. అప్పుడు కత్తెర పట్టింది ఆయనే. లేదా ఆయన రెండో పెళ్లి చేసుకున్నాక వచ్చినావిడ కోసి, ఆ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి ఉండొచ్చు. నేనైతే ఫోటో దిగిన రోజుతో కాకుండా కత్తెరతో కథ మొదలుపెడతాను.

ఇంట్లో ఆల్బమ్ జ్ఞాపకాలు రాసుకోవడానికి మంచిది. కథ అల్లుదామంటే "ఆ రోజు అలా జరగలేదురా" అని అమ్మ సరిదిద్దుతుంది, ఆమె చెప్పింది తీసి పక్కన పెట్టడం కష్టం. ఏఐతో చేయించిన బొమ్మలు నేను వాడను. వాటిలో ఫోటో దిగాలని అనుకున్న మనిషే లేడు.

బజార్లో కొన్న ఫోటోతో రాసేవాళ్లకు నా విన్నపం ఒకటి. కథతోపాటు ఆ ఫోటోను ఎక్కడా పెట్టకండి. ఆ మనిషి మనవళ్లు ఈ ఊళ్లోనే ఉండొచ్చు. మనం అంటగట్టిన దొంగతనమో రెండో పెళ్లో వాళ్ల తాత ముఖం పక్కన కనబడకూడదు. అట్ట మీద స్టూడియో ముద్ర ఉంటే కథలో ఆ పేరు కూడా మార్చేయండి.