నేపాల్‌లో పోఖరా నుంచి ముక్తినాథ్: జీపుకి నాలుగు స్టార్లు, లాడ్జికి ఒకటి కూడా ఎక్కువే

నాలుగు స్టార్లూ డ్రైవరు కోసమే. మా అత్తయ్యకి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ముక్తినాథ్ విష్ణువు నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కదా, ఓపిక ఉండగానే చూపించమని ఎప్పటినుంచో అడుగుతున్నారు. పోఖరా నుంచి, ముక్తినాథ్‌కి కింద ఉన్న జోమ్‌సోమ్ ఊరికి ఇరవై నిమిషాల విమానం ఉంది. కానీ కాళీగండకి లోయలో పొద్దెక్కితే గాలి విపరీతం, అందుకే అవి ఉదయం పూటే ఎగురుతాయి. మబ్బు పడితే అదీ లేదు. ఎయిర్‌పోర్టులో కూర్చుని టెన్షన్ పడటం మావల్ల కాదని లేక్‌సైడ్‌లో ఒక ట్రావెల్స్ దగ్గర జీపు మాట్లాడుకున్నాం.

రేటు ఐసీలోనా, ఎన్‌సీలోనా అని ముందే అడగండి. ఐసీ మన రూపాయి, ఎన్‌సీ నేపాల్ రూపాయి. మన 100 వాళ్లకి 160. డీజిల్, డ్రైవరు తిండి, పడక, అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిట్టు ఎవరు పెట్టుకోవాలో కూడా కాగితం మీద రాయించుకోండి.

బేని అనే ఊరు దాటాక రోడ్డు గురించి చెప్పకపోవడమే మంచిది. ఒక పక్క కొండ, ఒక పక్క నది, మధ్యలో మనం. మా డ్రైవరు కుర్రాడే గానీ తొందరపడే రకం కాదు. రోడ్డు మీదుగా వాగు పారుతున్న చోట దిగి, లోతెంతో చూసుకున్నాకే బండి దించేవాడు. ఎదురుగా బస్సొస్తే హారన్ కొట్టి గొడవపడకుండా వెడల్పున్న చోటికి వెనక్కి వెళ్లేవాడు. దారిలో సాలగ్రామాల దుకాణాలు ఎన్నో ఉన్నా, మేం అడిగితే తప్ప ఎక్కడా ఆపలేదు. అదే రోజు పైకి తీసుకెళ్లిపొమ్మని మా ఆయన తొందరపెట్టినా ఒప్పుకోలేదు. జోమ్‌సోమ్ సుమారు 2,700 మీటర్లు, ముక్తినాథ్ 3,700 పైనే. కింద పడుకుని పొద్దున్నే ఎక్కితే తలనొప్పి, వాంతులు తక్కువన్నాడు. పెద్దవాళ్లుంటే ఈ మాట వినండి. బయల్దేరే ముందు మీ డాక్టరునీ అడగండి.

భోజనం సంగతి. మా ఆయన సూట్‌కేసు సగం ఆవకాయ, కందిపొడే. అంత అవసరం లేదు. దారిలో మార్ఫా ఊళ్లో, అక్కడి థకాలీ జాతివాళ్ల ఇంట్లో పెట్టిన అన్నం, నల్ల పప్పు, ఆకుకూర, నాలుక జివ్వుమనే తిమ్మూరు (అక్కడి మిరియం లాంటి దినుసు) పచ్చడి, అడిగినంత మారు వడ్డన, ఇంకేం కావాలి? బక్‌వీట్ పిండితో చేసే ఢిండో అచ్చం మన సంకటిలా ఉంటుంది, నెయ్యి వేయించుకోండి. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ముద్ద నోటి దాకా తెచ్చి, "వద్దని చెప్పావు కదమ్మా, మరి ఈ వాసనేంటి?" అన్నారు. పప్పు తాలింపులో వేసే జింబు కూడా ఉల్లి జాతి ఆకేనట. ఆ ఇంటావిడ విసుక్కోకుండా జీలకర్రతో వేరే పప్పు పెట్టి ఇచ్చింది. ఆచారం ఉన్నవాళ్లు "జింబు వద్దు" అని విడిగా చెప్పండి.

జోమ్‌సోమ్ లాడ్జి మాత్రం దండగ. కింద అంతస్తు, వేడినీళ్లు అని పోఖరాలో ట్రావెల్స్ వాళ్లు ఒప్పుకున్నారు. వెళ్తే పైఅంతస్తు గది, సోలార్ గీజరు, ఆ రోజు ఎండ లేదు. అత్తయ్య చేత ఆ మెట్లు ఎక్కించేసరికి నాకు ఏడుపొచ్చింది.

జీపు గుడి కింద ఉన్న రాణీపౌవా ఊరి దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి గుడికి ఎక్కుడు దారి, గుర్రాలూ బైకులూ ఉంటాయి. అత్తయ్య గుర్రం వద్దని బైకెక్కారు. దిగాక ఆవిడ మొహం చూడాలి! గుడి వెనక 108 ధారల నీళ్లు చేతికే కొరికేస్తాయి. అందరూ స్నానాలు చేస్తున్నారని మీరూ దిగాలనేం లేదు, మేం నెత్తిన చల్లుకుని వచ్చేశాం. లోపల బౌద్ధ సన్యాసినులే పూజ చూసుకుంటారు, ఆశ్చర్యపోకండి. పక్కనే జ్వాలామాయి గుడిలో సహజవాయువుతో వెలిగే చిన్న మంట ఉంటుంది. అదీ చూడండి.

విమానంలో నేపాల్ వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ పెట్టుకోండి. ఆధార్ ఒక్కటే ఉంటే సరిపోయేది 15 ఏళ్ల లోపు, 65 దాటినవాళ్లకే. వానాకాలం వద్దు, కొండచరియలు విరిగిపడతాయి.

డబ్బు సగమే ముందిచ్చాం, మిగతాది పోఖరాలో దిగాక ఇస్తామన్నాం. లాడ్జి సంగతి చెప్పి రూము డబ్బు తగ్గించమంటే గొణుక్కుంటూనే తగ్గించారు. మొత్తం ముందే కట్టి ఉంటే ఆ గొణుగుడు కూడా వినిపించేది కాదు.