గడ్డం కింద లైపో చేయించుకోబోతున్నారా? ఆ ‘రెండో శనివారం డాక్టరు’ దగ్గరికైతే మాత్రం జాగ్రత్త

విజయనగరంలో ఉంటున్నవారికి ఆ క్లినిక్కు పేరు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం హైదరాబాదు నుంచి దిగి, ‘ఒక్క గంటలో డబుల్ చిన్ మాయం’ చేసి, రాత్రి రైలుకే తిరిగి వెళ్ళిపోయే ఆ డాక్టరుగారి నవ్వుముఖాన్ని మీరు ఆటోల వెనకైనా చూసే ఉంటారు. నేను చెప్పబోయేది మొన్న శనివారం జరిగిన సంగతి. కోపం చల్లారాక నిదానంగా రాద్దామనుకున్నాను గాని, కోపం చల్లారితే సిగ్గు అడ్డొచ్చి రాయనే రాయనని నాకు తెలుసు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ముందు సంగతులు క్లుప్తంగా చెబుతాను. నాకు నలభై మూడేళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మొన్నటి సిరిమానోత్సవం నాడు మా ఆడపడుచు కూతురు నన్ను పక్కనుంచి తీసిన ఒక ఫొటోలో గడ్డానికీ మెడకూ మధ్య సరిహద్దు కనబడకపోవడం చూసి, ఆ తరువాత మూడు నెలలు అద్దం ముందు తల ఎత్తి దించి చూసుకుంటూ గడిపాను. సంక్రాంతి సెలవులు కలిసి వస్తాయని జనవరి రెండో శనివారం వెళ్ళి లైపో, అంటే కొవ్వు లాగేసే లైపోసక్షన్, చేయించుకున్నాను. సెలైనులో తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్, రక్తం తక్కువ కారేటట్టు చేసే అడ్రినలిన్ కలిపిన మందు గడ్డం కింద ఎక్కించి, గడ్డం కింద ఒకటి, రెండు చెవి తమ్మెల వెనక చెరొకటి చిన్న రంధ్రాలు పెట్టి, సన్నటి గొట్టంతో కొవ్వు లాగారు. ‘ముప్పై మిల్లీలీటర్లు వచ్చింది మేడమ్’ అని సిరంజిలో పసుపుపచ్చటి ముద్దను చూపించినప్పుడు నాకు కలిగిన గర్వం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తున్నది. పండగకు వచ్చిన చుట్టాలందరికీ గడ్డానికి కట్టిన పట్టీ చూపి పంటి నొప్పి అని అబద్ధం చెప్పి, ఎదురుగా ఉన్న అరిసెలు తినకుండా కూర్చున్నాను.

తరువాత ఆరు వారాలపాటు నా కింది పెదవి ఎడమవైపు సరిగ్గా కిందికి దిగలేదు. ఆరో తరగతి పిల్లవాడొకడు, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, ‘టీచరమ్మా, మీ మూతి ఒంకరైపోనాదేటి?’ అని తరగతి అంతా వినేటట్టు అడిగాడు. దవడ అంచున పోయే ఒక సన్నటి నరానికి గొట్టం తగిలితే ఇలా జరుగుతుందనీ, చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతటదే సర్దుకుంటుందనీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియక భయపడి క్లినిక్కుకు వాట్సాప్‌లో రాస్తే, జవాబుగా చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. అదృష్టం బాగుండి పెదవి సర్దుకున్నది. గడ్డం కింద మాత్రం వాపు పూర్తిగా తగ్గేసరికి అసలు రూపం బయటపడింది: చర్మం తడిసిన చీర చెంగులా వేలాడుతున్నది, తల కొంచెం ఎత్తితే మెడ మీద నిలువుగా రెండు తాళ్ళు తేలుతున్నాయి, ఎడమవైపు నా బొటనవేలు సరిగ్గా అమిరేంత గుంట ఒకటి ఉన్నది. ఉన్న ఒక గడ్డాన్ని దాచుకోవడానికి వెళ్ళి మూడు లోపాలు కొని తెచ్చుకున్నాను.

‘మూడు నెలలు ఓపిక పట్టండి’ అన్నారు కాబట్టి మూడు నెలలూ ఓపిక పట్టాను. మొన్న రెండో శనివారం, బడికి సెలవే గనుక, పదకొండు గంటలకల్లా వెళ్ళాను. డాక్టరుగారు ఆ వారం రాలేదన్న సంగతి నేను చేరి గంటసేపు కూర్చున్నాక చెప్పారు. కౌన్సెలర్ అని బల్ల ముందు కూర్చునే అమ్మాయి నన్ను లోపలికి పిలిచి, కిటికీ వైపు తిరగమని, ‘గడ్డం కాస్త పైకెత్తండి మేడమ్, ఇంకాస్త’ అని ఫొటో తీసి, జనవరిలో తీసిన ఫొటో పక్కన పెట్టి చూపించింది. జనవరి ఫొటోలో నేను ట్యూబులైటు కింద తల వంచుకుని ఉన్నాను. ‘ఎంత తేడా వచ్చిందో చూశారా?’ అంది. ఇరవయ్యేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నదాన్ని, ఆ మాత్రం కాపీ కొట్టడం నేను పట్టుకోలేనా? ఇప్పుడు కూడా తల వంచుకుంటాను, ఆ దీపం కిందే మళ్ళీ తియ్యమన్నాను. ఆ అమ్మాయి తియ్యలేదు. డాక్టరుగారితో మాట్లాడతానని ఫోను బల్ల మీద పెట్టి, ఏదో ఫైలు వెతకడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, స్పీకరు నొక్కింది.

చాక్లెట్లు పోసిన గాజు గిన్నె పక్కన ఉన్న ఆ ఫోనులోనుంచి వచ్చిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ‘ఎవరు, ఆ టీచరమ్మా? ఆవిడకి స్కిన్ లూజని నేను మొదటిరోజే చూశాను కదా, కొవ్వు తీస్తే వేలాడుతుందని తెలిసిందే. దారాలు అమ్ముకో. ఈ నెలలో అయితే ఆఫర్ ఉందని చెప్పు.’

ఆ అమ్మాయి ఫైలు వదిలేసి ఫోను మీద పడింది గాని, అప్పటికే ఆయన చెప్పవలసినదంతా చెప్పేశారు. నేను గొడవ చేశానని మీరు అనుకుంటారేమో, చెయ్యలేదు. నా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్ళి ఆ గుంటను వెతుక్కున్నది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది: మొదటిరోజు ఆయన నా గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి, లాగి, వదిలి, అది వెనక్కి పోయేదాకా చూసి, ‘గుడ్’ అన్నారు. ఆ గుడ్ నా చర్మం గురించి అనుకున్నాను. ఆ పరీక్ష ఎందుకో తెలియని నేను ఆయన ఎంత శ్రద్ధగా చూస్తున్నారోనని మురిసిపోయాను కూడా. చేతకాక పాడుచేశారని అనుకుని నేను క్షమించడానికి కూడా సిద్ధపడి వెళ్ళాను. మనుషులన్నాక చెయ్యి జారుతుంది. తెలిసి చేశారు, చేసి, ఆ చెడిపోయినదానికే మరమ్మతు అమ్మజూశారు. అదీ నేను జీర్ణించుకోలేకపోతున్న సంగతి.

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి ఏమీ జరగనట్టే కాగితం ఒకటి ముందుకు తోసింది. థ్రెడ్ లిఫ్ట్, అంటే ఆయన అన్న ఆ దారాలతో చర్మాన్ని పైకి లాగి పట్టి ఉంచడం, 45,000 రూపాయలు, పాత పేషెంటు కాబట్టి ఐదు వేలు తగ్గింపు. ‘ఇవన్నీ ముందే వివరించాం కదా మేడమ్, మీరు సంతకం కూడా చేశారు’ అని నా అంగీకార పత్రం చూపించింది. అచ్చువేసిన ఇంగ్లీషు వరుసల మధ్య ఖాళీలో, ‘చర్మము వదులుగా ఉండునని తెలుపడమైనది’ అని చేతిరాత ఉన్నది. నా సంతకం నీలి సిరాతో ఉన్నది, నేను ఎప్పుడూ వాడే కలంతోనే. ఆ వాక్యం నల్ల సిరాతో ఉన్నది. జనవరిలో ఆ ఖాళీ ఖాళీగానే ఉన్నదని ప్రమాణం చేసి చెప్పలేను, ఎందుకంటే నేను చదవలేదు. వంకాయ కొనాలంటే రైతుబజారులో ముచ్చిక తిప్పి చూసే నేను, నా ముఖానికి సంబంధించిన కాగితాలు పన్నెండింటి మీద ‘ఇక్కడ మేడమ్, ఇక్కడ మేడమ్’ అన్నచోటల్లా సంతకాలు గీసి వచ్చాను.

ఇంకొక తెలివైన పని కూడా చేశాను. ప్యాకేజీ 65,000 రూపాయలు, అందం కోసం చేసే సర్జరీ కాబట్టి 18 శాతం జీఎస్టీతో కలిపి 76,700 అవుతుందనీ, బిల్లు అక్కరలేదంటే 65,000 నగదు చాలుననీ చెప్పారు. నెలనెలా జీతంలోనుంచి ఆదాయపు పన్ను కోయించుకునే ప్రభుత్వోద్యోగిని, 11,700 మిగిలిందని లోలోపల సంబరపడి నగదు తీసుకెళ్ళి ఇచ్చాను. ఈరోజు నా దగ్గరున్న రసీదు ‘65 – అందినది’ అని రాసి ఉన్న ఒక చిన్న చీటీ. మా అత్తగారు ఈ కథంతా విని, ‘దొంగ బేరానికి దొంగ రసీదే వస్తుంది గాని ముద్ర వేసినది వస్తుందా’ అన్నారు. ఆవిడకు జవాబు చెప్పలేదు.

మంగళవారం విశాఖ వెళ్ళి, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్ అనే పై డిగ్రీ చేసిన ఒక సర్జన్‌కు చూపించుకున్నాను. ఆయనా అదే పని చేశారు: రెండు వేళ్ళతో చర్మం పట్టి లాగి వదిలారు. పది సెకన్లు పట్టలేదు. తరువాత పళ్ళు బిగించి మెడ బిగపట్టమని, ఆ రెండు తాళ్ళనూ వేలితో తాకి చూపించి చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను. లైపోసక్షన్ కొవ్వును మాత్రమే తీస్తుంది. మెడ మీద చర్మం కింద ప్లాటిస్మా అనే పలచని కండరం పొర ఉంటుంది. దాని పైనున్న కొవ్వు గొట్టానికి అందుతుంది, కిందనున్నది అందదు. చర్మానికి బిగువు ఉన్నవారికి లోపల ఖాళీ అయిన చోటికి అది ముడుచుకుంటుంది. బిగువు తగ్గినవారికి ఖాళీ సంచిలా వేలాడుతుంది, అంతదాకా కొవ్వు కప్పిపెట్టిన కండరం అంచులు తాళ్ళలా బయటపడతాయి. గుంట మాత్రం ఒకేచోట ఎక్కువ లాగడం వల్ల వచ్చింది. ‘ఇందులో చేతి తప్పు కొంత ఉందమ్మా, మనిషి ఎంపికలో తప్పు ఎక్కువ ఉంది’ అన్నారు. నాలాంటి చర్మానికి అసలు లైపో మాత్రమే చేసి వదిలెయ్యకూడదన్నమాట.

ఇక ఏం చెయ్యాలన్న ప్రశ్న మిగిలింది. లోపలి మచ్చ మెత్తబడేదాకా, అంటే కనీసం ఆరు నెలలు నిండేదాకా, ఎవరు ఏ ఆఫరు ఇచ్చినా మళ్ళీ గొట్టం గాని సూది గాని పెట్టించుకోవద్దన్నారు. నా లెక్క ప్రకారం అది జులై. గుంటలోకి నా ఒంటిలోని కొవ్వునే మరొకచోటినుంచి తీసి కొంచెం నింపవచ్చునట, అయితే నింపినదంతా నిలవదట. తాళ్ళకూ వదులు చర్మానికీ నిజమైన మందు నెక్ లిఫ్ట్ ఒక్కటే: గడ్డం కింద, చెవుల వెనక కోసి, కండరం అంచులను కుట్టి, ఎక్కువైన చర్మాన్ని తీసేయడం. దానికి మత్తు, మచ్చలు, వారాల తరబడి విశ్రాంతి, నేను ఇప్పటికే పోగొట్టుకున్నదానికంటే చాలా ఎక్కువ ఖర్చు. దారాల సంగతి అడిగితే, అవి కొన్ని నెలల్లో ఒంట్లోనే కరిగిపోతాయనీ, ఇంత వదులు చర్మాన్ని అవి మోయలేవనీ చెప్పారు. అంటే నాకు అమ్మజూసిన 45,000 రూపాయల మరమ్మతు కూడా నాకు పనికిరానిదే. ఏమీ చేయించుకోకుండా ఇలాగే ఉండిపోవడం కూడా ఒక దారే అని చివర్లో అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన నా దగ్గర ఓపీ ఫీజు తప్ప ఇంకేమీ తీసుకోలేదని గమనించాను. నేను ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదు. జులై వచ్చాక చూస్తాను.

డబ్బు సంగతి మాత్రం జులై దాకా ఆగదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్ళలోపల జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి, మనం చెల్లించినది ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోయినా, జనవరిలో దానికి ముందురోజు బ్యాంకులో 65,000 తీసినట్టు పాసుపుస్తకంలో ఉన్నది, ప్యాకేజీ ధర వాట్సాప్‌లో వాళ్ళు రాసి పంపినదే ఉన్నది. ఆ మాటలు స్పీకరులో విన్నప్పుడు రికార్డు చేసే తెలివి మాత్రం లేకపోయింది. పేషెంటు అడిగితే 72 గంటల్లో వైద్యపత్రాలు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉన్నది కాబట్టి, నా కేస్ షీటు, ఫొటోలు, అంగీకార పత్రం నకళ్ళు ఇమ్మని బుధవారం స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఆయన పేరు కింద ఎంబీబీఎస్ తరువాత ఉన్న ఆ నాలుగైదు అక్షరాల గుంపుల్లో ఏది సర్జరీ డిగ్రీయో, ఏది వారాంతపు కోర్సో చెప్పమని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కూ రాశాను.

చేయించుకోవాలనే నిశ్చయించుకున్నవారికి నాలుగు మాటలు. చర్మం లాగి వదిలినప్పుడు ‘ఏమి చూశారు?’ అని అడిగి జవాబు కాగితం మీద రాయించుకోండి. అంగీకార పత్రం ఇంటికి తెచ్చుకుని చదివి, ఖాళీలన్నీ గీతలు కొట్టి అప్పుడు సంతకం చెయ్యండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, పన్ను కట్టి బిల్లు తీసుకోండి. చేసే మనిషి మర్నాడు ఏ ఊళ్ళో ఉంటాడో కనుక్కోండి. విశాఖ మనకు అరవై కిలోమీటర్లే, అక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగమే ఉన్నది. కనీసం అక్కడొక అభిప్రాయం తీసుకోకుండా నాలా ఆటో వెనక బొమ్మను నమ్మి పోకండి.

ఉత్తరం అందినట్టు నిన్న గురువారం సాయంత్రం ఫోనుకు సందేశం వచ్చింది. 72 గంటలు ఆదివారం సాయంత్రానికి నిండుతాయి. సోమవారం ఒంటిపూట బడి కాగానే నకళ్ళ కోసం నేనే వెళ్తున్నాను. నల్ల సిరా వాక్యం నకలులో ఉందో లేదో వచ్చి రాస్తాను.