బ్యాంకాక్‌లో రోడ్డు కన్నా రేవే నయం

బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక మాట. గ్రాండ్ ప్యాలెస్ గోడ పక్కన ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఎదురొచ్చి "ఈ పూట మూసేశారు, లోపల పూజలున్నాయి" అంటే ఆగకండి. గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి. పొద్దున 8:30కి తెరిస్తే మధ్యాహ్నం 3:30 దాకా టికెట్లిస్తారు.

మా బావ ఆగాడు. "పాపం, మన మంచికే చెబుతున్నాడురా" అంటూ ఆ పెద్దమనిషి పిలిచిన టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, ఎక్కించాడు. అక్కా బావా నేనూ, ముగ్గురికీ కలిపి 40 బాత్‌లట, మూడు గుళ్ళు చూపిస్తాడట. అంటే మన డబ్బుల్లో వంద రూపాయల పైచిలుకు. అంత చవకగా ఊరంతా తిప్పుతున్నాడంటే అక్కడే అనుమానం రావాలి! చూపించింది ఒక్క గుడి. ఆ తర్వాత నగల రాళ్ళ కొట్టు, అది దాటితే సూట్లు కుట్టే కొట్టు. మనల్ని లోపలికి తోలుకెళ్తే డ్రైవర్‌కి పెట్రోలు కూపన్లు దక్కుతాయి. నీలం ఉంగరం దగ్గర అక్క కాస్త ఎక్కువసేపు నిలబడేసరికి బావకి చెమటలు పట్టాయి. ఏమీ కొనలేదని తెలిశాక టుక్‌టుక్ వాడు చెప్పాపెట్టకుండా మాయం. రోడ్డు మీద ట్యాక్సీ ఆపితే మీటర్ వేయనన్నాడు, 300 ఇమ్మన్నాడు. మీటర్ మొదలయ్యేది 35తో!

"ఇంక మీరు దారి చెప్పకండి, వాడు చెబుతాడు" అంది అక్క నన్ను చూపిస్తూ.

పైవంతెన మీద నడిచే బీటీఎస్ రైలెక్కి సఫాన్ తక్సిన్‌లో దిగాం. స్టేషన్ కిందే సాథోన్ రేవు. అక్కడ టూరిస్టు పడవ వైపు చేతులూపి పిలుస్తారు, అది ఖరీదు. మీరు నారింజ జెండా పడవ చూసుకోండి, ఎంత దూరమైనా 16 బాత్‌లే. కండక్టరమ్మ చిల్లర వేసిన స్టీలు గొట్టం గలగలలాడిస్తూ వస్తుంది. చావ్‌ప్రాయా నది గాలికి బావ ముఖం కూడా తేటపడింది. తా చాంగ్ రేవులో దిగితే ప్యాలెస్‌కి నడకే. టికెట్ మనిషికి 500, అది మాత్రం గట్టిగానే తగిలింది. తర్వాత తా తియన్ రేవు నుంచి 5 బాత్‌లకి అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి.

రైళ్ళ మీద ఫిర్యాదేమీ లేదు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళో ఫయా థాయ్ స్టేషన్‌కి 45 బాత్‌లు, రైలు చల్లగా దించేసింది. చిక్కల్లా ఒకటే, బీటీఎస్ టికెట్ ఎమ్మార్టీ అనే ఇంకో మెట్రోలో చెల్లదు. పైగా ఒకే కూడలికి బీటీఎస్‌లో అసోక్ అని, ఎమ్మార్టీలో సుఖుమ్‌విత్ అని రెండు పేర్లు. మ్యాపు చూస్తూ బావ తల పట్టుకున్నాడు.

సేన్ సేప్ కాలువ పడవ మాత్రం తప్పకుండా ఎక్కాలి, తెల్లబట్టలు మాత్రం వద్దు. ప్రతూనామ్ రేవు నుంచి ఫన్‌ఫా రేవు దాకా మనిషికి పాతికలోపే అయింది. పైన రోడ్డు మీద కార్లు కదలకుండా నిలబడి ఉంటే కింద మనం దూసుకుపోతుంటాం. కండక్టర్ హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద నడుస్తూ డబ్బులడుగుతాడు. ఎదురు పడవొస్తే పక్కనున్న తాడు లాగి పరదా పైకెత్తాలి, లేదంటే ఆ నల్లనీళ్ళు ఒంటి మీదే. మర్నాడు మాల్స్ ఉండే సయాం వైపు వెళ్ళాలన్నా బావ కాలువ పడవే అని పట్టుబట్టాడు. ఆ కంపు నా వల్ల కాదంటూ అక్క మాల్ దగ్గర కలుస్తానని తను బీటీఎస్ ఎక్కేసింది.